ఆరయింది, వెళ్లొస్తానండి

పెద్దమ్మతో మాట: పాఠకుల ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: పెద్దమ్మగారికి నమస్కారం. మాది సరుబుజ్జిలి దగ్గర పల్లె. శ్రీకాకుళంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో మూడేళ్లుగా పని చేస్తున్నాను. బిల్లుల ఎంట్రీ, జీఎస్టీ రిటర్నులు నా పని. జీతం 14,000. ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు వరకూ డ్యూటీ, మధ్యలో అరగంట భోజనం, ఆదివారం సెలవు అని చెప్పి చేర్చుకున్నారు. నా పని ఆరుకల్లా అయిపోతుంది. కానీ నేను కుర్చీలోంచి లేచేసరికి మిగతా ముగ్గురూ తలెత్తి చూస్తారు. వాళ్లు ఎనిమిదిదాకా ఉంటారు. పొద్దున పదకొండుకి టీకి దిగితే పన్నెండుకి ఎక్కుతారు, అది వేరే సంగతి. సార్ అయితే అందరి ముందూ "ఏటమ్మా, ఇవాళ హాఫ్ డే లీవేటి?" అని నవ్వుతారు. ఒకరోజు "ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారంతటి మనిషే వారానికి 70 గంటలు పని చెయ్యమన్నారు" అన్నారు. ఆ మాటలు పడలేక ఇప్పుడొక పని చేస్తున్నాను. ఐదున్నరకే హ్యాండ్‌బ్యాగు కింద జిరాక్స్ షాపులో పెట్టేసి వస్తాను. ఆరు కాగానే ఏదో కాగితం పట్టుకుని జిరాక్స్‌కి దిగినట్టు దిగి, అట్నుంచి అటే కాంప్లెక్స్‌కి వెళ్లిపోతాను. 6.20 బస్సు తప్పితే మళ్లీ 7.50కే. ఇంట్లో నాలుగేళ్ల బాబున్నాడు. మా ఆయన పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. "నలుగురితోపాటు ఉండాలి గానీ నువ్వొక్కదానివే ఎల్లిపోతే ఉద్యోగం ఉంటాదా?" అని మా అత్తగారూ అంటారు. టైముకి ఇంటికి వెళ్లడం నిజంగా తప్పా?

ఒక చెల్లెలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఆ జిరాక్స్ షాపులో బ్యాగే కళ్లముందు కనిపిస్తోంది. నీ డబ్బుతో కొనుక్కున్న బ్యాగు, అందులో నీ టిఫిన్ డబ్బా, నీ బస్సు చార్జీ. దాన్ని దొంగసొత్తులా అరగంట ముందే కిందకి దించేస్తున్నావు. టైముకి వెళ్లడం తప్పు కాదు. ఆ బ్యాగు దించడమే నాకు నచ్చలేదు. ఎందుకో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి, ఓపిక పట్టు.

మా నాన్న నెల్లిమర్లలో జూట్ మిల్లు కార్మికుడు. స్పిన్నింగులో ఉండేవాడు. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకూ షిఫ్టు ఉన్న వారాల్లో, రెండింటికి మిల్లు కూత వినగానే మా అమ్మ చారు గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టేది. చారు వేడెక్కేలోగా నాన్న వీధి మలుపులో కనిపించేవాడు. చొక్కా నిండా గోగునార నుసి, నారకి పట్టించే నూనె వాసన. ఇన్నేళ్లయినా కొత్త గోనెసంచి చూస్తే నాకు నాన్నే గుర్తొస్తాడు. ఆ మిల్లులో ఏ మేస్త్రీ కూడా ఆయన్ని "అప్పుడే ఎల్లిపోతన్నావేటి?" అని అడిగి ఉండడు. కూత కూసింది, మనిషి ఇంటికి బయల్దేరాడు, అంతే.

అయితే నాన్నకి ఒక పట్టింపు ఉండేది. తర్వాత షిఫ్టు మనిషి వచ్చి పక్కన నిలబడితే తప్ప ఫ్రేము వదిలేవాడు కాదు. ఎక్కడ దారం మాటిమాటికీ తెగుతోందో, ఏ చక్రం చప్పుడు తేడాగా ఉందో చెప్పి, అప్పజెప్పి వచ్చేవాడు. దానికి ఐదు నిమిషాలు పట్టేది, ఒక్కోసారి పావుగంట. ఆ రోజుల్లో చారు రెండోసారి వేడిచేసేది అమ్మ. సణిగేది కాదు అంటే అబద్ధం, సణిగేది.

ఆయన కూతుర్నయిన నేను కుర్చీ ఉద్యోగంలోకి రాగానే ఇదంతా మర్చిపోయాను. విజయనగరంలో ఒక బ్యాంకు బ్రాంచికి మేనేజర్ని అయ్యాను. కంప్యూటర్లు రాకముందు సంగతి. సాయంత్రం ఐదు దాటాక కూడా ఎవరి టేబుల్ మీద లైటు వెలుగుతోందో వాళ్లే పనిమంతులని నా లెక్క. నేనూ ఏడున్నరదాకా కూర్చునేదాన్ని. మాలో ఒక అమ్మాయి బొబ్బిలి నుంచి రోజూ వచ్చిపోయేది. "బొబ్బిలి అమ్మాయి" అనే పిలిచేవాళ్లం. సరిగ్గా ఐదూపదికి తన లెడ్జర్లు బీరువాలో పెట్టేసి, నా టేబుల్ మీద చిన్న చీటీ పెట్టి, "వెళ్లొస్తాను మేడమ్" అని చెప్పి బస్సుకి పోయేది. రేపు ముందుగా చూడాల్సిన పనులు ఆ చీటీలో రాసి ఉండేవి. చీటీలు నాకు పొగరులా కనిపించాయి. మరి నేను ఏడున్నరదాకా కూర్చుంటుంటే ఈ పిల్ల నాకు పని చెప్పి పోవడమేమిటి? ఆ ఏడాది ఆమె కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో "బాధ్యత తక్కువ" అని రాశాను.

అదే మార్చి 31, ఏడాది లెక్కలు మూసే రోజు. ఆ రోజు ఆమె రాత్రికి ఊళ్లోనే తెలిసినవాళ్లింట్లో ఉండేలా పది రోజుల ముందే ఏర్పాటు చేసుకుని వచ్చింది. రాత్రి ఎనిమిదయింది, పుస్తకాలు టాలీ కాలేదు. 270 రూపాయల తేడా. లెక్కలు రాసేవాళ్లందరికీ ఒక చిట్కా తెలుసు, నీకూ తెలిసే ఉంటుంది: తేడాని 9తో భాగిస్తే శేషం రాకపోతే ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారై ఉండొచ్చు. అందరం పుస్తకాలు మొదటి నుంచీ కూడుతుంటే ఆ పిల్ల మాత్రం కూడిక మానేసి, "630, 360 లాంటి జోడీ కోసం చూడండి మేడమ్" అంది. పావుగంటలో దొరికింది. 630 వెయ్యాల్సిన చోట 360. నాలుగు రోజుల క్రితం వేసిన ఎంట్రీ. దస్తూరీ నాది. ఆ రోజు నేను రాత్రి ఏడు దాటాక, కళ్లు మూతలు పడుతుంటే పుస్తకంలోకి ఎక్కించింది.

ఆమె ఏమీ అనలేదు. రిపోర్టు అప్పటికే పైకి వెళ్లిపోయింది, దిద్దడానికి వీల్లేదు. ఆమె ప్రమోషన్ ఏడాది ఆగింది. నా రాత వల్లే అని ఆమెకి తెలుసో లేదో నేను ఇప్పటికీ అడగలేదు.

కాబట్టి మీ సార్ పక్క కుర్చీలో కూర్చుని వచ్చినదాన్ని నేను. ఆ కుర్చీలోంచి చూస్తే ఎవరు ఎంత పని చేశారో కనిపించదు, ఎవరు ఎంతసేపు ఉన్నారో మాత్రం కనిపిస్తుంది. అందుకే మావాళ్లు అందరూ రెండోదాన్నే కొలిచేస్తారు. ఇంతకీ మా బ్రాంచిలో రోజూ ఎనిమిదిదాకా కూర్చునే ఒకాయన్ని నేను తెగ మెచ్చుకునేదాన్ని. రిటైరయ్యాక ఆయనే నవ్వుతూ చెప్పాడు: ఇంట్లో కూలర్ లేదట, ఆఫీసులో ఉందట.

ఇక నీ లెక్క చూద్దాం. నువ్వు ఎలాగూ లెక్కల మనిషివి. తొమ్మిదిన్నర నుంచి ఆరు, భోజనం తీసేస్తే రోజుకి 8 గంటలు, ఆరు రోజులకి 48. మీ ఆఫీసు వాళ్లలా ఎనిమిదిదాకా ఉంటే రోజుకి 10, వారానికి 60. అంటే వారానికి 12 గంటలు ఎక్కువ, నెలకి ఓ 50 అనుకో. నీ జీతాన్ని 26 రోజులకి పంచితే రోజుకి 538, గంటకి 67 రూపాయలు. 50 గంటలకి 3,350. నెలనెలా అంత చందా నువ్వు ఆఫీసుకి ఇస్తే అప్పుడు సార్ నిన్ను మంచి ఉద్యోగి అంటారన్నమాట. మామూలుగా ఓవర్‌టైముకి చట్టం చెప్పేది రెట్టింపు జీతం, ఆ లెక్కన 6,700.

ఈ 60, 48 అంకెలకి ఒక కథ ఉంది, క్లుప్తంగా చెప్తాను. మన దేశంలో ఫ్యాక్టరీల్లో వారానికి 60 గంటలు మించకూడదని 1922లో చట్టం వచ్చింది. ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలకి 1934లో దాన్ని 54 చేశారు. 1946లో 48 అయింది. ఆ బిల్లు వచ్చిన రోజుల్లో వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసింది అంబేద్కర్ గారు. మన రాష్ట్రంలో షాపులకీ ఆఫీసులకీ 1988లో చేసిన చట్టంలోనూ వారానికి 48 గంటలే. రోజు పరిమితిని 2025లో 10 గంటలకి పెంచారు గానీ వారానికి 48 అన్నది అలాగే ఉంచారు. ఇప్పుడు మీ సార్ ఆఫీసులో మిగతా ముగ్గురూ నడుస్తున్న 60 గంటలు ఏ కాలం నాటివో నువ్వే చూసుకో.

నారాయణమూర్తి గారి మాట కూడా లెక్కేద్దాం. ఆయన 2023లో ఆ మాట అన్నది నిజమే. 70 గంటల్ని ఆరు రోజులకి పంచితే రోజుకి 11 గంటల 40 నిమిషాలు. తొమ్మిదిన్నరకి మొదలెట్టి అరగంట భోజనం చేస్తే నువ్వు లేచేది రాత్రి 9.40కి. ఆ వేళకి సరుబుజ్జిలి వైపు బస్సు ఎవరు వేస్తారో సార్‌నే అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థా, అంతర్జాతీయ కార్మిక సంస్థా కలిసి 2021లో ఒక లెక్క తేల్చాయి: వారానికి 55 గంటలూ అంతకన్నా ఎక్కువా పని చేసేవాళ్లకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువట. ఎనిమిదిదాకా కూర్చునే ఆ ముగ్గురి గురించి నాకు కోపం లేదమ్మా, జాలే.

అయితే చట్టం కాగితం పట్టుకెళ్లి సార్ టేబుల్ మీద పెట్టమని మాత్రం చెప్పను. నలుగురు పని చేసే చిన్న ఆఫీసులో అలా చేస్తే మర్నాటి నుంచి నీ కుర్చీలో ముళ్లే. చట్టం నీ మనసులో ఉంటే చాలు, నేను చేస్తున్నది తప్పు కాదన్న ధైర్యానికి. బయటికి చెయ్యాల్సినవి వేరే ఉన్నాయి.

నాలుగు గంటలకి, ఆరుకి కాదు, నాలుగుకి సార్ దగ్గరికి వెళ్లు. "సార్, ఈ రోజుకి ఇంకేమన్నా ఉన్నాయా? ఆరుకి బయల్దేరతాను, ఇప్పుడిస్తే చేసేస్తాను" అని అడుగు. సాయంత్రం టీ తాగి ఐదున్నరకి ఫైలు చేతిలో పెట్టడం చాలామంది సార్లకి అలవాటు. చెడ్డతనం కాదు, వాళ్లకి అప్పుడే గుర్తొస్తుంది. నువ్వు నాలుగుకి గుర్తు చేస్తే నాలుగుకే గుర్తొస్తుంది. మొదటి వారం విసుక్కుంటారు. రెండో వారం ఆయనే మూడున్నరకి పిలుస్తారు.

వెళ్లేముందు బొబ్బిలి అమ్మాయిలా చీటీ పెట్టు. ఫలానా పార్టీ బిల్లులు అయ్యాయి, ఫలానా వాళ్లు కొనుగోలు బిల్లులు ఇంకా పంపలేదు, రేపు పొద్దున ఫోన్ చేస్తాను, అంతే. వాట్సాప్‌లో పెట్టినా ఫర్వాలేదు గానీ, కాగితమైతే ఆయన టేబుల్ మీద నీ బదులు కూర్చుని ఉంటుంది.

మీ పనిలో నిజంగా ఒత్తిడి ఉండే రోజులు క్యాలెండర్‌లోనే ఉన్నాయి. జీఎస్టీకి 11వ తారీఖు, 20వ తారీఖు, ఆడిట్ రిపోర్టులకి సెప్టెంబరు నెలాఖరు. ఆ ముందు రోజుల్లో ఉండు. సార్ అడక్కముందే నువ్వే "పంతొమ్మిదిన ఎనిమిదిదాకా ఉంటాను సార్, ఇంట్లో చెప్పి వస్తాను" అను. ఆ రాత్రి నువ్వు ఉన్నావని మర్నాడు ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. ఎవరూ చెయ్యకపోతే నువ్వే చెయ్యి, సిగ్గు పడకు. నెలకి మూడు నాలుగు రోజులు అలా ఉండటం న్యాయం. మిగతా ఇరవై రెండు రోజులూ కూడా అదే తంతు అయితే అది ఒత్తిడి కాదు, పద్ధతి లేకపోవడం.

బస్సు వంక మాత్రం చెప్పకమ్మా. "6.20 బస్సు సార్" అన్నావనుకో, రేపు ఆయన "స్కూటీ కొనుక్కో" అంటారు. బాబుకి జ్వరం అన్నావనుకో, బాబుకి వారానికి రెండుసార్లు జ్వరం తెప్పించాల్సొస్తుంది. వెళ్లడానికి కారణం ఒక్కటే: ఆరయింది. దానికి తోడు ఇంకో కారణం కలిపితే మొదటిది చాలదని నువ్వే ఒప్పుకున్నట్టు.

ఇక ఆ "హాఫ్ డే లీవేటి?" అన్నదానికి జవాబు. నవ్వుతూ అన్నదానికి నవ్వుతూనే చెప్పు: "లేదు సార్, ఫుల్ డే అయిపోయింది." గొంతు పెంచకు, ఆగి వివరించకు. నాలుగుసార్లు అదే జవాబు వస్తే ఐదోసారి అడగడానికి ఆయనకే చప్పగా ఉంటుంది.

ఇంకోటి. కొందరు పిల్లలు లేచేటప్పుడు "సారీ సార్, వెళ్లనా?" అంటారు. సారీ ఎందుకు? మనవైపు గడప దాటేవాడు "వెళ్తున్నాను" అన్నా పెద్దవాళ్లు ఊరుకోరు, "వెళ్లొస్తాను అనాలి" అని దిద్దుతారు. అందులో వెళ్లడమూ ఉంది, మళ్లీ వస్తానన్న మాటా ఉంది, అడుక్కోవడం మాత్రం లేదు. బ్యాగు భుజానికి వేసుకుని, నలుగురికీ కనిపించేలా నడిచి, "ఆరయింది, వెళ్లొస్తానండి" అని చెప్పి మెట్లు దిగు. మొదటి రోజు కాళ్లు వణుకుతాయి. వణకనీ.

మీ అత్తగారి మాటకొస్తే, ఆవిడ భయంలో నిజం లేకపోలేదు. ఉద్యోగాలు అంత తేలిగ్గా దొరికే ఊళ్లు కావు మనవి. సార్ నిన్ను తీసేస్తారా? మూడేళ్లుగా రిటర్నులు తప్పుల్లేకుండా వేసే మనిషిని రెండు గంటల కోసం వదులుకుంటే, కొత్తవాళ్లకి నేర్పడానికి ఆయనకి ఆర్నెల్లు పడుతుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. అయినా ముందుజాగ్రత్తగా నువ్వు వేసిన రిటర్నుల పట్టీ నెలనెలా ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకో. జీతం పెంచమని అడిగే రోజుకీ పనికొస్తుంది, ఇంకో ఆఫీసు గడప తొక్కే రోజుకీ పనికొస్తుంది. అత్తగారిని మాత్రం ఒక ప్రశ్న అడుగు: పైడిభీమవరంలో షిఫ్టు దిగగానే మీ అబ్బాయి కంపెనీ బస్సెక్కి వచ్చేస్తారు కదా, ఆయన్ని ఎప్పుడైనా నలుగురితోపాటు ఉండమన్నారా అని. గట్టిగా కాదు, కూర తరుగుతూ అడుగు.

ప్రశ్న: పెద్దమ్మగారూ, ఇది యజమాని ప్రశ్న. విజయనగరంలో గంటస్తంభం దగ్గర నాకు బట్టల షాపు ఉంది. ఆరుగురు కుర్రాళ్లు. రాత్రి తొమ్మిదికి షట్టరు సగం దించానో లేదో, కౌంటరు మీద చీరల గుట్టలు అలాగే వదిలేసి పోతారు. మడతలు నేనూ నా భార్యా పెట్టుకోవాలి. పదేళ్లుగా ఉన్న మనిషి కూడా అంతే. దసరా ముందు, పైడితల్లమ్మ సిరిమాను పండగ ముందు అయితే మరీ కష్టం. ఈ తరానికి బాధ్యత లేదా?

ఒక వ్యాపారి, విజయనగరం

జవాబు: బాబూ, గుట్టలు వదిలేసి పోవడం తప్పే. పైన ఆ అమ్మాయికి చెప్పిందే మీ కుర్రాళ్లకీ చెప్తాను, అప్పజెప్పి వెళ్లాలి. కానీ మీ షాపు టైములో మడతపెట్టే టైము ఎక్కడుంది? తొమ్మిదింటిదాకా మీరు బేరం ఒప్పుకుంటూ, కొత్త చీరలు దింపిస్తూ ఉంటే మడత తొమ్మిది తర్వాతే పడుతుంది. ఆ అరగంటకి జీతం లేదు. ఎనిమిదిన్నరకి కొత్త బేరాలు ఆపేసి, ముగ్గుర్ని మడతలకి, ముగ్గుర్ని ఉన్న బేరాలకి పెట్టండి. ఆఖరి అరగంటలో పోయే బేరం ఎంతో ఒక వారం రాసి చూడండి. తొమ్మిదికి షాపూ సర్దుకుంటుంది, మీ భార్యా ఇంటికెళ్తారు.

పండగ రోజులు వేరు. సిరిమాను దసరా వెళ్లిన మంగళవారమని మనందరికీ తెలిసిందే, ఎప్పుడు రద్దీ ఉంటుందో నెల ముందే తెలుసు. ఎవరు ఏ రోజు ఎంతసేపు ఉండాలో ముందే చెప్పి, ఎక్కువ ఉన్న గంటలకి ఆ రాత్రే డబ్బు చేతిలో పెట్టండి. పండగయ్యాక చూద్దాం అనకండి.

ఇంకొక్క మాట, ఏమీ అనుకోకండి. పదేళ్లుగా పని చేస్తున్న మనిషి అని రాశారు. మీ ఉత్తరం నాలుగు పేజీలుంది, మేము ఇక్కడ కుదించి వేశాం. చీరల రకాలన్నీ ఉన్నాయి, గుమస్తాలకిచ్చిన అడ్వాన్సులున్నాయి. అతనిది ఏ ఊరో, తొమ్మిది దాటితే అతను ఏ బస్సు పట్టుకోవాలో అందులో ఎక్కడా లేదు. ముందు అది కనుక్కుని, మళ్లీ రాయండి.